అక్క జబ్బు, నా వాక్యం

2009లో అక్క గురించి నేనొక వ్యాసం రాశాను. అప్పటికి ఆమెకి కీమోథెరపీ పూర్తయి నాలుగు నెలలు. అందులో ఒక వాక్యం చాలామందికి నచ్చింది. "ఇరవై ఐదేళ్ళు మింగిన మాటలన్నీ మా అక్క మెడలో గడ్డకట్టాయి" అన్నది ఆ వాక్యం. మిత్రులు ఫోన్లు చేశారు. ఒక సభలో ఎవరో దాన్ని పైకి చదివి వినిపించారు కూడా. నేను సంతోషించాను. బాధపడిన మనిషి పక్కన నిలబడ్డాననీ, స్త్రీ శరీరం మీద పితృస్వామ్యం వేసే ముద్రని బయటపెట్టాననీ అనుకున్నాను.

అక్క ఆ వ్యాసం చదివి రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ అంది: "నేనెప్పుడు మాటలు మింగానే? మీ బావతో రోజూ పోట్లాడుతూనే ఉన్నానుగా! స్కూల్లో హెడ్మాస్టర్ని అందరి ముందూ నిలదీసింది నేను కాదూ?" కాసేపాగి మళ్ళీ తనే అంది. "నా జీతం ఎటూ ఆయన ఖాతాలోకే పోయింది. చివరికి నా జబ్బు కూడా ఆయన ఖాతాలోనే రాసేశావు. నాకంటూ ఏం మిగిల్చావు?"

నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా పూర్తి జవాబు ఉందని చెప్పను. కానీ ఆ ప్రశ్న నన్ను నేనెన్నడూ వెళ్ళని చోటికి తీసుకెళ్ళింది. సాహిత్యం చదువుకున్న నేను ఒక కణం లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవలసి వచ్చింది. రోగానికి అర్థం చెప్పే హక్కు ఎవరిది అన్న ప్రశ్న నాకు ఆ దారిలోనే ఎదురైంది.

ముందు నా వాక్యం ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. మా అమ్మమ్మ తరం "ఏ జన్మలో ఏ పాపం చేసిందో" అనేది. మేము చదువుకున్నాం, కర్మ సిద్ధాంతాన్ని వదిలేశాం. "ఎంత అణచుకుందో పాపం" అనడం నేర్చుకున్నాం. రెండోది దయగా వినిపిస్తుంది, రాజకీయంగా కూడా వినిపిస్తుంది. అయితే రెండూ చేసే పని ఒకటే. రోగకారణాన్ని ఆ మనిషి బతుకులో, స్వభావంలో వెతుకుతాయి. అణచుకోవడం వల్ల జబ్బు వచ్చిందంటే, అణచుకోకుండా ఉండగలిగితే వచ్చేది కాదనేగా అర్థం? అంటే నోరు తెరిచి అడగలేకపోయిన నేరం మళ్ళీ ఆమెదే అవుతుంది.

సూసన్ సోంటాగ్ 1978లో 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్'లో సరిగ్గా ఈ మాటే చెప్పింది. క్యాన్సర్‌ని అణచుకున్న ఉద్వేగాల ఫలితంగా చూడటం రోగిని నిందించడమేనంది. 1975లో ఆమెకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అయినా ఆ పుస్తకంలో తన జబ్బు ప్రస్తావనే తేలేదు. నేను ఆ పుస్తకం చదివాను, క్లాసులో దాని గురించి మాట్లాడాను. అక్క విషయానికి వచ్చేసరికి అది నాకు గుర్తురాలేదు. స్వీడన్, ఫిన్లాండ్ దేశాల్లో దాదాపు 60,000 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2010లో ఒక అధ్యయనం వెలువడింది. మనిషి కలుపుగోలుతనానికీ, ఆందోళనపడే స్వభావానికీ క్యాన్సర్ రావడంతో సంబంధం కనబడలేదని తేల్చింది. ఇది నా వ్యాసం తర్వాత వచ్చింది. అయితే నా తప్పుకి అది సాకు కాదు. అసలు రుజువు కావాలన్న ఆలోచనే నాకు రాలేదు.

అక్కకి వచ్చింది హాడ్జ్‌కిన్ లింఫోమా. మా కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పే ఒక సహోద్యోగినిని నేనే అడిగాను, ఆ గడ్డలో నిజంగా ఏం జరుగుతుందని. ఆమె స్టాఫ్ రూంలో పాత ప్రశ్నపత్రాల వెనక బొమ్మలు వేస్తూ వారం రోజులు చెప్పారు. తర్వాతి సంవత్సరాల్లో తెలిసిన సంగతులు కూడా కలిపి నాకు అర్థమైనంత మేరకు ఇక్కడ రాస్తాను.

మన రోగనిరోధక కణాలు ఒకదానితో ఒకటి చిన్న చిన్న ప్రొటీన్ల ద్వారా సంప్రదించుకుంటాయి. వాటిని సైటోకైన్లు అంటారు. ఒక కణం వాటిని విడుదల చేస్తే, అందుకునే గ్రాహకం ఉన్న మరో కణం వాటికి స్పందిస్తుంది. పెరగమని, రమ్మని, చాలించమని, చచ్చిపొమ్మని కూడా ఆ సందేశాలు చెప్పగలవు. వీటిని తయారుచేసే జన్యువులు ప్రతి కణంలోనూ ఉంటాయి, కానీ చాలావరకు మూతబడి ఉంటాయి. వాటిని తెరిచే ప్రొటీన్లలో ముఖ్యమైనది ఎన్ఎఫ్-కప్పా-బి. 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ దీన్ని గుర్తించారు. మామూలుగా అది కేంద్రకం బయటే ఉంటుంది. ఐ-కప్పా-బి అనే మరో ప్రొటీన్ దాన్ని పట్టుకుని ఉంటుంది. బయటినుంచి ఒక సంకేతం వస్తే ఆ పట్టుకున్నది నాశనమవుతుంది, ఇది కేంద్రకంలోకి వెళ్ళి జన్యువుల్ని తెరుస్తుంది. నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఏమిటంటే, అది తెరిచే జన్యువుల్లో ఐ-కప్పా-బి జన్యువు కూడా ఒకటి. అంటే తనని మళ్ళీ పట్టి ఆపేదాన్ని తనే తయారుచేయిస్తుంది.

ఆపే ఏర్పాట్లు ఇంకా ఉన్నాయి. చాలా సైటోకైన్ల జన్యువులనుంచి వచ్చే ఆర్ఎన్ఏ ప్రతికి చివర్లో, ఎ, యు అనే అక్షరాలు ఎక్కువగా ఉండే ఒక భాగం ఉంటుంది. ఆ భాగం ఉన్న ప్రతి త్వరగా నశించిపోతుందని 1986లో షా, కామెన్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. ఎక్కువకాలం నిలవకుండా ఉండేలాగే ఆ సందేశం రాయబడుతుందన్న మాట. సైటోకైన్‌ని అందుకున్న కణంలో కూడా సాక్స్ అనే ప్రొటీన్లు తయారై ఆ సంకేతాన్ని కాసేపటికి తగ్గిస్తాయి.

అక్క మెడలోని కణాల్లో దెబ్బతినేవి సరిగ్గా ఈ ఏర్పాట్లే. హాడ్జ్‌కిన్ గడ్డల్లో కనబడే పెద్ద కణాలు రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాలు. వాటిలో ఎన్ఎఫ్-కప్పా-బి ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుందనీ, ఆ కణాలు బతకడానికి అది అవసరమనీ 1997లో జర్మనీ పరిశోధకులు చూపించారు. కొందరు రోగుల్లో ఐ-కప్పా-బి జన్యువు చెడి ఉంటుంది. కొందరిలో ఎ20 అనే మరో అదుపు జన్యువు పోయి ఉంటుంది. ఇంకొందరిలో ఎప్‌స్టీన్-బార్ వైరస్ ప్రొటీన్ ఒకటి, ఎవరూ నొక్కకుండానే మోగే కాలింగ్ బెల్లులా, కణంలోకి సంకేతాలు పంపుతూనే ఉంటుంది. చాలామందిలో సాక్స్-1 జన్యువు కూడా చెడుతుంది. దాంతో సైటోకైన్లు ఆగకుండా వెలువడుతుంటాయి. ఆ కణం ఇంటర్‌ల్యూకిన్-13 తయారుచేసి, తనే దాన్ని అందుకుని, తనే పెరుగుతుందని 1999లో తేలింది. సీసీఎల్17 అనేదాన్ని వదిలి టీ కణాల్ని రప్పించుకుంటుంది. ఇంటర్‌ల్యూకిన్-5తో ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాల్ని పోగేస్తుంది. గడ్డలో క్యాన్సర్ కణాలు నూటికి ఒకటో రెండో ఉంటే ఎక్కువ. మిగతా గడ్డంతా ఇలా వచ్చి చేరిన మామూలు కణాలే. వచ్చిన టీ కణాలు దాన్ని చంపకుండా, తన ఉపరితలం మీద పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌ని నిలబెట్టి వాటిని నిష్క్రియం చేస్తుంది.

ఇదంతా విన్నాక నేను మొదట చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. వెంటనే ఇంకో వాక్యం తయారుచేశాను. "మౌనం వల్ల కాదు, ఆపలేని మాట వల్ల వచ్చిన జబ్బు ఇది" అని. జన్యువు పనిచేయడాన్ని తెలుగులో వ్యక్తీకరణ అంటారు. అది మన మాట. ఇన్నేళ్ళుగా మన పత్రికలన్నీ దానికోసమే నడిచాయి. రెగ్యులేషన్‌కీ కంట్రోల్‌కీ కూడా తెలుగులో నియంత్రణే అంటాం. ఆ మాట వింటేనే మనకి ఒళ్ళు మండుతుంది. ఇక్కడేమో నియంత్రణ పోయిన వ్యక్తీకరణ మనిషిని చంపుతోంది. దీనిమీద ఎంత మంచి వ్యాసం రాయొచ్చో!

నా ఉత్సాహం చూసి సహోద్యోగిని ఒకటే అన్నారు. "మేడం, రేపు మీ వాక్యం పట్టుకుని ఇంకొకరు, ఆడవాళ్ళు హద్దులో ఉండాలని సైన్సే చెబుతోంది అంటారు. అప్పుడేం చేస్తారు?"

నిజమే. ప్రకృతిని సాక్ష్యానికి పిలిచిన ప్రతిసారీ ఆ సాక్ష్యం మనకి వ్యతిరేకంగానే వాడబడింది. అండం కదలకుండా ఎదురుచూస్తుంది, వీర్యకణం దండెత్తి వస్తుంది అని పాఠ్యపుస్తకాలు ఎలా రాశాయో ఎమిలీ మార్టిన్ 1991లో చూపించింది. అవి కణాల్లో కనబడినవి కావు, రాసినవాళ్ళ ఇళ్ళలోంచి వెళ్ళినవి. కణానికి నీతి లేదు. రీడ్-స్టెర్న్‌బర్గ్ కణం స్వేచ్ఛని దుర్వినియోగం చేయదు, ఎవరి నోరూ మూయించదు. ఇవన్నీ మనం అర్థం చేసుకోవడానికి అరువిచ్చిన క్రియాపదాలు. కాలింగ్ బెల్లు అని పైన నేను రాసింది కూడా అంతే.

అలాగని ఉపమానం లేకుండా రాయగలమా? వ్యక్తీకరణ, సంకేతం, సందేశం, గ్రాహకం... శాస్త్రం వాడే మాటలే అరువు మాటలు. కాబట్టి ఉపమానాన్ని నిషేధించడం కుదరదు. ఒక తేడా మాత్రం చూడవచ్చు. కాలింగ్ బెల్లు కణం ఎలా పనిచేస్తుందో చెబుతుంది. అది తప్పయితే రేపు ఇంకో ప్రయోగం దాన్ని సరిదిద్దుతుంది. "మింగిన మాటలు గడ్డకట్టాయి" అన్నది కణం గురించి ఏమీ చెప్పదు, అక్క గురించి తీర్పు చెబుతుంది. దాన్ని సరిదిద్దగలిగింది అక్క ఒక్కతే. నేను ఆమెని అడగలేదు.

ఆ కణాల పేరులో ఉన్న రీడ్ ఒక స్త్రీ అని కూడా నాకు అప్పుడే తెలిసింది. డొరతీ రీడ్. జాన్స్ హాప్‌కిన్స్ వైద్య కళాశాల 1893లో మొదలైనప్పుడు, విరాళం ఇచ్చిన స్త్రీలు పెట్టిన షరతు వల్ల ఆడవాళ్ళని కూడా చేర్చుకోవలసి వచ్చింది. ఆమె అక్కడ 1900లో డాక్టరు పట్టా తీసుకుంది. అప్పటికి హాడ్జ్‌కిన్ జబ్బుని చాలామంది క్షయలో ఒక రకం అనుకునేవారు. 1898లో స్టెర్న్‌బర్గ్ అభిప్రాయం కూడా అదే. 1902లో రీడ్ ఈ పెద్ద కణాల్ని వివరంగా వర్ణించి, ఇది క్షయ కాదు, వేరే జబ్బు అని వాదించింది. అంత పని చేశాక అక్కడ పైకి వెళ్ళే అవకాశం ఉందా అని అడిగితే, స్త్రీకి బోధనా ఉద్యోగం దొరకదని తెలిసింది. ఆమె ఆ పరిశోధనని వదిలి వెళ్ళిపోయింది. పెళ్ళయ్యాక 1907లో మొదటి కాన్పులో, సరైన ప్రసూతి వైద్యం అందక, బిడ్డ చనిపోయింది. తర్వాత ఆమె జీవితమంతా తల్లుల, పసిబిడ్డల ఆరోగ్యం మీద పనిచేసింది. తన దుఃఖానికి అర్థం ఆమే నిర్ణయించుకుంది. ఇంకెవరైనా ముందే "డాక్టరు చదివి హద్దు దాటినందుకే బిడ్డ పోయింది" అని రాసి ఉంటే? ఆ కాలంలో అలా అనడానికి మనుషులు కొదవా?

"ఇది క్షయ కాదు" అన్న రీడ్ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే అక్కకి మొదట ఇచ్చింది క్షయ మందులే.

2007 చివర్లో సాయంత్రాలు ఆమెకి జ్వరం వచ్చేది. మెడ పక్కన నొప్పి లేని గడ్డ. ఊళ్ళో డాక్టరు సూదితో తీసి పరీక్ష చేయించి క్షయ అన్నారు. మన దేశంలో మెడలో గడ్డ అంటే ముందు క్షయే అనుకుంటారు, అది చాలాసార్లు నిజమే కూడా. కానీ నూటికి ఒకటో రెండో ఉండే కణం సూది మొనకి దొరకకపోవచ్చు. గ్రంథి మొత్తం కోసి తీసి చూస్తేనే తేలుతుంది. నాలుగు నెలలు మందులు వాడినా జ్వరం తగ్గలేదు. బరువు తగ్గింది. ఒళ్ళంతా దురద. అర్ధరాత్రి జాకెట్టు, దుప్పటి తడిసిపోయేంత చెమట. మొత్తం ఏడు నెలలు. వేసవి సెలవులకి మా ఇంటికి వచ్చినప్పుడు ఆ చెమటల సంగతి నాతో చెప్పింది. ఆమెకి అప్పుడు నలభై ఆరేళ్ళు. నేనేమన్నానో నాకు అక్షరాలా గుర్తుంది. "మెనోపాజ్ అయ్యుంటుంది అక్కా, నాకూ మొదలైంది. అందరికీ ఉండేదే" అన్నాను.

జ్వరం, చెమట, బరువు తగ్గడం – ఈ మూడింటినీ ఈ జబ్బులో ముఖ్య లక్షణాలుగా ఎంచి, జబ్బు ఎంత ముదిరిందో లెక్కించేటప్పుడు చూస్తారు. గడ్డలోనుంచి రక్తంలోకి వచ్చే సైటోకైన్లు వీటికి కారణం. ఇంటర్‌ల్యూకిన్-6 లాంటివి మెదడులో శరీరపు వేడిని నిర్ణయించే చోటుని ప్రభావితం చేస్తాయి. అంటే అక్క చెప్పిన ప్రతి బాధా ఆ కణాల్లో జరుగుతున్నదాని తిన్నటి ఫలితమే. అందులో ప్రతీకలేవీ లేవు. ఆమె వాటిని డాక్టరుకి చెప్పింది, బావకి చెప్పింది, నాకు చెప్పింది. ఒక చీటీ మీద జ్వరం లెక్క కూడా రాసి పెట్టుకుంది. ఆమె ఏ మాటా మింగలేదు. వినవలసిన వాళ్ళమే వినలేదు.

ఇప్పుడు నా వాక్యం అసలు చేసిన పనేమిటో నాకు కనబడుతోంది. అది బావ పాతికేళ్ళ పెత్తనాన్ని ఎత్తిచూపింది, ఆ పెత్తనం నిజమే. కానీ ఏడు నెలల ఆలస్యాన్ని కనబడకుండా చేసింది. ఆ ఏడు నెలల్లో రాజకీయం లేదా? నడివయసు ఆడమనిషి చెమట అంటే మెనోపాజ్, నీరసం అంటే పనెక్కువ, దురద అంటే మనాది. మందు పనిచేయకపోతే "సరిగ్గా వేసుకుంటున్నావా?" అన్న ప్రశ్న. పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్ళాలంటే ఇంట్లో పరీక్షలు, పెళ్ళిళ్ళు, కోతలు అయ్యాక. జెండర్ పనిచేసింది అక్కడ. అది గ్రంథి లోపల గడ్డకట్టలేదు. వరండాలో, డాక్టరు గదిలో, నా వంటింట్లో పనిచేసింది. దాన్ని రాయాలంటే నేనన్న మాట కూడా రాయాల్సి వచ్చేది. మౌనం గురించి అందమైన వాక్యం రాయడం అంతకంటే సులువు. నా వాక్యంలో దోషులందరూ ఉన్నారు, నేను తప్ప.

దీన్నిబట్టి స్త్రీల అనుభవాల్ని రాయకూడదని నేననడం లేదు. స్త్రీల జబ్బులకీ స్త్రీల బతుకులకీ సంబంధం లేదనీ అనను. ఏం తింటాం, ఎప్పుడు ఆస్పత్రికి వెళ్తాం, ఎవరు మనల్ని నమ్ముతారు, ఈ సంబంధాలు గట్టివి, చూపించగలిగేవి. చూపించలేని సంబంధాన్ని చెప్పేటప్పుడే మనకి కవిత్వం ఎక్కువ కావలసి వస్తుందేమో అని నా అనుమానం. ఇంకొకరి శరీరం గురించి రాసేటప్పుడు ఇప్పుడు నన్ను నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ మాటని ఆ మనిషి కాదనగలదా, కాదంటే నేను తీసేస్తానా? రెండు, ఈ అర్థం వల్ల నాకేమైనా బరువు పడుతోందా, లేక నా బరువు దిగిపోతోందా? అక్క విషయంలో రెండింటికీ నా జవాబు తప్పే.

అక్కకి ఆరు నెలల్లో పన్నెండుసార్లు కీమో ఇచ్చారు. నాలుగు మందుల్లో ఒకటి విన్‌బ్లాస్టిన్. అది బిళ్ళగన్నేరు మొక్కనుంచి వచ్చిందని తెలిసినప్పటినుంచీ ఆమె పెరట్లో ఆ మొక్కల్ని పీకనివ్వదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "నా మందు" అంటుంది, అంతే. దానికి నేను అర్థం చెప్పబోతే ఆపేస్తుంది. ఇప్పుడామెకి అరవై దాటాయి, ఆరోగ్యంగా ఉంది.

ఈ వ్యాసం పంపేముందు అక్కకి చదివి వినిపించాను. కణాల సంగతి వచ్చినచోట రెండుసార్లు ఆపి మళ్ళీ చదవమంది. జ్వరం చీటీ తన పుస్తకాల్లో ఇంకా ఉందని చెప్పింది. బావ గురించి రాసిన ఒక పేరా తీసేయమంది. నాకది చాలా ఇష్టమైన పేరా. ఎందుకు తీసేయాలని అడగబోయి ఊరుకున్నాను. తీసేశాను.